1,23,45,678ని విడగొట్టే పద్ధతి

చి॥ అమ్మాయికి ఆశీస్సులు.

పెద్ద సంఖ్య ఒకటి ఇచ్చి, దానికి కారణాంకాలెన్ని, వాటి మొత్తమెంత, దేనితో గుణిస్తే వర్గమవుతుంది అని ఎన్ని రకాలుగా అడిగినా అసలు పని ఒక్కటే: ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం. మిగతాదంతా గుణకారమే. 1,23,45,678 తీసుకుని చేసి చూడు.

సరి సంఖ్య కనుక 2 పోతుంది. చివర 78 ఉంది కనుక 4 పోదు. అంకెల మొత్తం 36, అంటే 9 పోతుంది. రెండింటితో భాగిస్తే 6,85,871 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 35. ఇక 3 జోలికి వెళ్లనక్కర్లేదు. ఈ సూత్రాన్ని 27 దాకా మాత్రం లాగకు. 1,899 అంకెల మొత్తం 27, అయినా 27తో భాగిస్తే 9 మిగులుతుంది. 10ని 3తో గానీ 9తో గానీ భాగిస్తే శేషం 1, సూత్రం నిలబడేది అందుకే. 27తో శేషం 10.

చివర 1 ఉంది కాబట్టి 5 పోదు. 7, 11, 13లను ఒక్కసారే చూడొచ్చు, వాటి లబ్ధం 1001 కనుక. కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి తీసివెయ్యి: 871 − 685 = 186. ఇది మూడింటిలో దేనితోనూ పోదు. మన కామాలు లక్షల పద్ధతిలో ఉంటాయి, వాటిని చూసి గుంపులు కడితే లెక్క తప్పుతుంది. ముందు కామాలు చెరిపెయ్యి.

17 నుంచి వరుసగా వెళ్తే 47 దగ్గర పోతుంది, 14,593 వస్తుంది. ఎక్కువమంది కష్టం పెంచుకునేది ఇక్కడే. 6,85,871కి వర్గమూలం 828 పైచిలుకు కాబట్టి అంతదాకా భాగిస్తూ పోతారు. కారణాంకం దొరికిన ప్రతిసారీ హద్దు తగ్గించుకోవాలి. 121 వర్గం 14,641. మన సంఖ్య అంతకన్నా చిన్నది, కాబట్టి 113తో ఆగొచ్చు. మళ్లీ 2 నుంచి మొదలుపెట్టకు, కానీ 47ను ఇంకోసారి వేసి చూడు. 53 నుంచి 113 వరకు ఉన్నవి 15 ప్రధాన సంఖ్యలే. ఏదీ పోదు. కనుక:

1,23,45,678 = 2 × 3² × 47 × 14,593

ఘాతాంకాలకు ఒకటి కలిపి గుణిస్తే 2×3×2×2 = 24 కారణాంకాలు. కారణాంకాల మొత్తానికి 3×13×48×14,594 = 2,73,19,968. ఆ 13 అంటే 1+3+9. మధ్యలో 3 మరచి 10 వేసేవాళ్లున్నారు, జాగ్రత్త. ఇందులోంచి సంఖ్యను తీసేసినా 1,49,74,290 మిగులుతుంది, సంఖ్య కన్నా ఎక్కువే. 6 కన్నా పెద్దదైన 6 గుణిజం దేనికైనా ఇలాగే రావాలి, రాకపోతే ఎక్కడో తప్పావన్నమాట. వర్గం కావాలంటే 2×47×14,593తో గుణించు.

తిరగేసిన 8,76,54,321 వేరే రకం. 9 పోయాక 97,39,369 మిగులుతుంది, తర్వాతి కారణాంకం 1,997 దాకా దొరకదు. దారిలో సుమారు 300 ప్రధాన సంఖ్యలున్నాయి, కంప్యూటర్‌కు వదిలెయ్యి. 1,997 దొరికాక మిగిలే 4,877ను మాత్రం పరీక్షించే పనే లేదు: 1,997లోపు ఏ ప్రధాన సంఖ్యతోనూ పోలేదని ముందే తేలింది, 4,877 వర్గమూలమేమో 70 కూడా లేదు.