చర్చి తలుపులు తెరిచే ముందు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు పేరిట వందనాలు. కరోనా లాక్‌డౌన్ వల్ల మట్టల ఆదివారం, ఈస్టర్ ఇళ్లల్లోనే గడిచిపోయాయి. ఈ 2020 జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవొచ్చని కేంద్రం చెప్పగానే, 14న ఆరాధన పెట్టేద్దామని కమిటీ కుర్రాళ్లు తొందర పెడుతున్నారని రాశావు. పెట్టండి, వద్దనను. కానీ సెక్రటరీగా నీ మొదటి పని చర్చిలో లేదు, ఇళ్ల దగ్గర ఉంది.

65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, షుగర్ లాంటి జబ్బులున్నవాళ్లు ఇంటిపట్టునే ఉండాలని ఆరోగ్య శాఖ చెప్పింది. మన సంఘంలో గంట కొట్టకముందే వచ్చి కూర్చునేది ఎవరు? ఆ మామ్మలూ తాతలే కదా! గుమ్మం దగ్గర జ్వరం చూసే కుర్రాడు "మీరు వెళ్లిపోండి మామ్మగారూ" అంటే ఆవిడ జన్మలో మర్చిపోదు. నాకూ డెబ్భై దాటాయి, అందుకే చెబుతున్నా. ఈ కబురు మైకులో చెప్పొద్దు, వాట్సాప్‌లో అసలే పెట్టొద్దు. శనివారంలోపు ఇంటింటికీ వెళ్లి, వాకిట్లో దూరంగా నిలబడి చెప్పండి. వారంలో ఒకరోజు పాస్టర్ అయ్యగారు వాళ్ల వాకిట్లోకే వచ్చి ప్రార్థన చేస్తారని మాటివ్వండి. ఇచ్చాక అయ్యగారిని బయల్దేరదీసే పూచీ నీది. లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన ఫోన్ ప్రార్థన కూడా ఆపకండి.

ఇక చర్చి సంగతి. జనం గుమిగూడేది లోపల కాదు, చెప్పుల దగ్గర. ఆరాధన అయ్యాక అందరూ ఒకేసారి వంగి, ఎవరి జత ఎక్కడుందో వెతుక్కుంటూ ఒకళ్లమీద ఒకళ్లు పడతారు. ఆవరణలో ముగ్గుపిండితో గళ్లు గీసి ఇంటికో గడి ఇవ్వండి. చాపలు చుట్టి పక్కన పెట్టి, ఎవరి దుప్పటి వాళ్లనే తెచ్చుకోమనండి. ఆరడుగుల దూరమంటే హాల్లో సగంమంది కూడా పట్టరు, రెండు ఆరాధనలు తప్పవు. వీధులవారీగా పంచి, పై ఆదివారం వేళలు తిప్పండి. లేకపోతే కానుకలు ఎక్కువిచ్చేవాళ్లకే పొద్దుటి ఆరాధన ఇచ్చారంటారు. కానుక సంచి చేతులు మారకుండా గుమ్మం దగ్గర పెట్టె పెడితే చాలు. శానిటైజర్ మాత్రం కొవ్వొత్తుల దరిదాపుల్లోకి రానివ్వకు, అది స్పిరిట్. నన్నడిగితే కుళాయి దగ్గర సబ్బే మేలు.

అన్నిటికన్నా కష్టం పాట. గుంపుగా పాడే క్వైర్ వద్దు, రికార్డు పాటలే వేసుకోమని ఆరోగ్య శాఖ వాళ్లే అన్నారు. హార్మోనియం, డోలక్ లేకుండా మనవాళ్లు కూర్చోగలరా అంటే నాకూ అనుమానమే, అయినా పాటించండి. కొన్న పాటలు వెయ్యొద్దు. పోయిన క్రిస్మస్‌కి మన పిల్లలు పాడినవి ఎవరో ఒకరి ఫోన్లో ఉంటాయి, అవి వెయ్యండి. తెలిసిన గొంతు వింటే కాస్త ఊరట. మాస్కులోపల ఎవరైనా కూనిరాగం తీస్తే చూసీ చూడనట్టు ఊరుకో. ఆంప్లిఫైయర్ మూడు నెలలుగా మూలపడి ఉంది, ఎలుకలు వైర్లు కొరికాయేమో శనివారమే చూసుకో.

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధన మొదటి నెల వద్దు. తర్వాతైనా ఒకే పాత్ర అందరికీ అందించకండి. చిన్న గ్లాసులు వేడినీళ్లలో మరగబెట్టి వాడండి. "ప్రభువు పాత్రలో రోగం ఉంటుందా?" అని పెద్దాళ్లు కొందరు లేస్తారు. వాళ్లతో నువ్వు వాదనకు దిగకు. వాక్యం ఎత్తి సమాధానం చెప్పడం అయ్యగారి పని, ఆయనకే వదిలెయ్.

చివరిగా, క్వారంటైన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబం గురించి. వాళ్లు ఆరాధనకు వస్తే అందరికీ ఆరడుగులు, వాళ్లకి పన్నెండు అవుతాయి. పైకి ఎవరూ ఏమీ అనరు, దుప్పట్లు మెల్లగా జరుగుతాయంతే. నువ్వూ మరదలూ ముందే వాళ్ల పక్కన, సరిగ్గా ఆరడుగుల్లో దుప్పటి వేసుకుని కూర్చోండి. ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి.

నీ అన్నయ్య