అగ్రిమెంటు నాటి ఇత్తడి గడియలు రిజిస్ట్రేషన్ నాటికి మాయం

ప్రశ్న: పాత టేకు తలుపులు చూసి ముచ్చటపడి ఇల్లు కొన్నాం. అగ్రిమెంటు నాడు వాటికి ఇత్తడి గడియలు, గొళ్లాలు, రింగు హ్యాండిళ్లు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయ్యాక వెళ్తే ఇనుప బోల్టులు కనిపించాయి. ‘అవి దస్తావేజులో రాయలేదుగా’ అంటున్నారు అమ్మినాయన. తలుపులు గీకించి పాలిష్ చేయించడానికి మనుషుల్ని కూడా మాట్లాడుకున్నాం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పాలిష్ ఆపండి. మీ సాక్ష్యం చెక్క మీదే ఉంది. ఏళ్ల తరబడి గడియ కప్పి ఉంచిన చోట పాత వార్నిష్ రంగు మారదు కాబట్టి గడియ ఆకారంలోనే మచ్చ కనిపిస్తుంది. కొత్త బోల్టు చుట్టుపక్కల పాత స్క్రూ రంధ్రాలూ ఉంటాయి. లప్పం పెట్టి సాండ్ పేపర్ పట్టించారంటే రెండూ పోతాయి. ప్రతి తలుపునూ, కిటికీనీ పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో రాసుకోండి. రేపు జతకుదిరే పాత సామాను వెతకాలన్నా ఈ కొలతలే ఆధారం. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు తీసిన ఫొటోలుంటే, అవి తీసిన ఫోన్‌లోనే అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీల్లో తీసిన తేదీ వివరాలు మిగలవు.

ఇక దస్తావేజులో రాయలేదన్న మాట. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 8వ సెక్షన్ ఇంటితో పాటు తాళాలు, తాళంచెవులు, కమ్మీలు, తలుపులు, కిటికీలు, శాశ్వత వాడకానికి అమర్చిన మిగతావన్నీ కొన్నవారికే వస్తాయంటుంది. అందుకు భిన్నంగా రాసుకుంటే తప్ప విడిగా పేర్కొనక్కర్లేదు. అందుకని ‘ఫిట్టింగులు మినహా’ లాంటి మాట ఎక్కడైనా దూరిందేమో అగ్రిమెంటు, దస్తావేజు రెండూ చదవండి. కొక్కేనికి వేలాడే దీపం ఎవరిదని వాదించుకోవచ్చు గానీ గడియ విషయంలో ఆ సందు లేదు.

అయితే ఎప్పుడు ఊడదీశారన్నది ముఖ్యం. రిజిస్ట్రేషన్ అయి ఇల్లు మీ చేతికొచ్చాక తీసుకెళ్తే అది దొంగతనమే, పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. రిజిస్ట్రేషన్‌కు ముందైతే అప్పటికి యజమాని ఆయనే కాబట్టి దొంగతనం కాదు. కానీ ఒప్పందమైన నాటి నుంచి అప్పగించేదాకా ఆస్తిని జాగ్రత్తగా చూసే బాధ్యత అదే చట్టం సెక్షన్ 55(1)(ఇ) కింద ఆయనదే. దాన్ని బట్టి నష్టపరిహారం అడగొచ్చు.

అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఏ తలుపుకు ఎన్ని, ఏ సైజువి పోయాయో జాబితా పెట్టండి. 15 రోజుల్లో అసలువే తిరిగివ్వాలి, లేదా అదే బరువు, సైజు ఉన్న పాతవాటి ఖరీదు, బిగింపు కూలి కట్టాలి అనండి. ఖరీదుకు రెండు కొటేషన్లు జతచేయండి. దావాకు మూడేళ్ల గడువున్నా ఆలస్యం చేయొద్దు, ‘చూసే ఒప్పుకున్నారు’ అంటారు. దావా వేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద ఇంటికొచ్చి చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే కమిషనర్‌ను పంపమని కోరండి. అందాకా కనీసం రెండు తలుపులు ముట్టుకోకండి. పోయినవి నాలుగైదే అయితే మాత్రం కోర్టు ఖర్చు ఇత్తడిని మించుతుంది, నోటీసు మీదే రాజీ చూసుకోండి.