కౌలు రైతు కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కౌలు లెక్కలు బాగా పట్టుకున్నావు. పట్టా తన పేరున లేక బ్యాంకు గడప తొక్కలేకపోవడం, నూటికి 3 రూపాయల వడ్డీ ఏడాది తిరిగేసరికి 36 శాతం కావడం, పంట ఎండినా కౌలు ఎండకపోవడం, ఇవన్నీ నీ కళ్లతో చూసినవని తెలుస్తూనే ఉంది. పదిహేనో పేజీలో, ఆ రైతు ప్రాణాలు తీసుకున్న చోట మాత్రం కలం నీ చేతిలోంచి జారి జిల్లా పేజీ రాసేవాళ్ల చేతిలో పడింది. 'అప్పుల బాధ తాళలేక' అని మొదలయ్యే ఆ వాక్యం నీది కాదు.

ఆ వాక్యంతోనే నా పేచీ. అమ్మ తిట్టిందని, ఫోను కొనివ్వలేదని, పరీక్ష తప్పాడని... మన భాషలో ఈ 'అని' చాలా ప్రమాదకరమైన మాట. దాని వెనక ఏ చావును అతికించినా వాక్యం కుదిరిపోతుంది. చదివినవాడికి కారణం తెలిసిపోయినట్టే ఉంటుంది. అదే ఊళ్లో అంతే అప్పున్నవాళ్లు ఇంకో ఇరవై మంది బతుకుతూనే ఉన్నారు కదా! మరి ఇతనొక్కడికి ఏమైందన్నదే నువ్వు రాయాల్సిన కథ.

జవాబు నీ కథలోనే చెల్లాచెదురుగా ఉంది. నాలుగో పేజీలో 'మూడేళ్ల కింద ఓసారి ఆస్పత్రి పాలయ్యాడు' అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అంతకుముందు ఒకసారి ప్రాణం తీసుకోబోయి ఉండటాన్ని మించిన ప్రమాద సూచిక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. ఆ ముక్కను పట్టుకుని వెనక్కి వెళ్లు. నిద్ర ఎప్పుడు పోయింది? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి చూరు చూస్తూ పడుకోవడం ఎన్నాళ్ల నుంచి? తాగుడు పండగ నుంచి రోజువారీకి ఎప్పుడు మారింది? అప్పిచ్చినవాడు నలుగురిలో నిలదీసిన తర్వాత రచ్చబండ వైపు వెళ్లడం మానేశాడా? అప్పు ఒక పోగు మాత్రమే. వైద్యం అందని దిగులు జబ్బు, మద్యం, అవమానం, ఒంటరితనం, చేతికందే దూరంలో పురుగుమందు, ఇవన్నీ పేనుకుంటేనే తాడవుతుంది. ఏ పోగు తెంపినా తాడు బలం తగ్గుతుంది. అందుకే కారణం ఒక్కటే అని రాసిన కథలో సాయం చేయడానికి ఎవరికీ చోటుండదు.

ఇక అతని మాటలు. నువ్వు రాసిన చివరి రాత్రి ఉపన్యాసం తీసెయ్యి. అలాంటి స్థితిలో ఉన్నవాళ్లు సమాజాన్ని నిందిస్తూ రెండు పేరాలు మాట్లాడరు. చిన్న మాటలు విసురుతారు. 'నేను పోతే మీకు పీడ విరగడవుతుంది.' 'నా వల్ల ఎవరికేం సుఖం?' 'చెల్లెల్ని నువ్వే చూసుకోవాల్రా.' తాను ఇంటికి బరువునన్న నమ్మకం, తనకెవరూ లేరన్న నమ్మకం, ఈ రెండూ కలిసినప్పుడే చావాలన్న కోరిక ముదురుతుందని అమెరికా మనస్తత్వవేత్త థామస్ జాయినర్ 2005లో సిద్ధాంతీకరించాడు. మన ఇళ్లలో 'భారం', 'పీడ' అన్న మాటలు అంత మామూలుగా దొర్లుతాయి కాబట్టి ఎవరూ చెవిన పెట్టరు. 'చస్తానన్నవాడు చావడు' అని పైగా ఓ ధీమా. అది తప్పు. ఆ మాట అనడం చాలాసార్లు చెయ్యి చాపడమే.

మరో గుర్తు: బాకీలన్నీ కాగితం మీద రాసి కొడుక్కి ఇవ్వడం, ఎద్దుల్ని బావమరిదికి అప్పగించడం, నెలల తరబడి కుమిలినవాడు ఉన్నట్టుండి తేటపడటం. 'ఈ నాలుగు రోజులు బాగానే ఉన్నాడండీ' అని తర్వాత ఇంట్లోవాళ్లు చెప్పేది ఆ తేటదనం గురించే. అది కోలుకోవడం కావచ్చు, తేల్చుకోవడమూ కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

ఎలా అడగాలన్నది నీ కథలో భార్య పాత్ర తేల్చాలి. నువ్వు ఆమె చేత 'ఛీ, ఆ పాడు మాటలేంటి, ఊరుకో' అనిపించావు. నిజంగా మన ఇళ్లలో జరిగేది అదే, ఉండనీ. కానీ ఆ మాటతో తలుపు మూసుకుంటుందని నీకు తెలిసి రాయాలి. 'అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా' అన్నదీ ప్రశ్న కాదు. 'లేవు' అనమని బతిమాలడం. పక్క పొలం మనిషినో, పెద్ద కూతుర్నో తెచ్చి సూటిగా అడిగించు: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' ఔనంటే, 'ఎలా అని ఆలోచించావా? ఎప్పుడని? దానికి కావలసింది దగ్గరుందా?' ఈ మెట్లు దిగేకొద్దీ ప్రమాదం ఎంత దగ్గరుందో తెలుస్తుంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. చాలామందికి అడిగినందుకే కాస్త ఊపిరాడుతుంది.

ఒట్టు మాత్రం వేయించకు. 'పిల్లల మీద ఒట్టు' కథలో బాగా పండుతుంది, జీవితంలో నోరు నొక్కేస్తుంది. మళ్లీ ఆ తలపు వచ్చిన రోజు, ఒట్టు తప్పానన్న సిగ్గుతో ఎవరికీ చెప్పడు. 'ఎవరితో అననులే' అని రహస్యానికీ మాటివ్వకూడదు. ఒట్టుకు బదులు ఒక కాగితం పనికొస్తుంది. మనసు చెడే ముందు కనిపించే గుర్తులేంటి, అప్పుడు తనంతట తాను ఏం చేయగలడు, ఎవరి పక్కన కూర్చుంటే ధ్యాస మళ్లుతుంది, ఎవరికి నోరు విప్పి చెప్పగలడు, ఏ డాక్టరుకు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంట్లోంచి ఏం తీసేయాలి. ఈ ఆరు మెట్ల పద్ధతి అమెరికా మనస్తత్వవేత్తలు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్‌లది. అతని మాటల్లోనే, అతని చేత్తోనే రాయించాలి.

ఆరో మెట్టు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నువ్వు పురుగుమందు పేరు, మోతాదు, వేళ అన్నీ రాశావు. అవన్నీ కొట్టెయ్యి. కథకు వాటివల్ల ఒరిగేదేం లేదు, అదే ఆలోచనలో ఉన్న పాఠకుడికి దారి చూపినట్టవుతుంది. 'క్షణికావేశం' అని మనవాళ్లు రాసే మాటలో సగం నిజముంది: తలపు ఏళ్లుగా ఉన్నా, ఉధృతి అలలా లేచి పడుతుంది. అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెన మీద 1937–1971 మధ్య దూకబోతుండగా ఆపిన 515 మంది తర్వాత ఏమయ్యారో పరిశోధకుడు రిచర్డ్ సైడెన్ 1978లో లెక్కతీశాడు. దాదాపు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజంగానే పోయారు. 'ఇవాళ ఆపితే రేపు ఇంకో దారి వెతుక్కుంటాడు' అన్న వాదన అక్కడ వీగిపోయింది. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995లో లక్షకు 47 దాకా ఉన్న ఆత్మహత్యల రేటు 2005కి 24కు దిగింది. అదే దేశంలో పురుగుమందులు దాచుకోవడానికి ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి చేసిన పెద్ద పరిశోధనలో మాత్రం తేడా కనబడలేదు. కనుక కథలో మందు డబ్బాను బీరువాలో పెట్టి తాళం చెవి బొడ్లో దోపుకుంటే చాలదు. ఆ రోజులకు డబ్బా ఇల్లు దాటాలి, పాకా దాటాలి. అతన్ని ఒంటరిగా వదలకూడదు, మద్యం సీసా ముందు పెట్టి ఓదార్చకూడదు.

నీ ముగింపు గురించి కఠినంగానే చెబుతాను. అతను పోయాక సాయం డబ్బు రావడం, అప్పులవాళ్లు వెనక్కి తగ్గడం, కూతురి పెళ్లి జరగడం. 'నేను పోతే వీళ్లు బాగుపడతారు' అని రాత్రంతా లెక్కలేసుకునే పాఠకుడికి నువ్వు ఆ లెక్క సరిపోయిందని చూపించావు. అతని చావును త్యాగం చేశావు. మార్చు. ఒడ్డున పడ్డ మనిషి కథల ప్రభావానికి 'పాపగేనో ప్రభావం' అని పేరుంది. ఆ తలపుతో సతమతమై బయటపడ్డవాళ్ల గురించి పత్రికలు రాసినప్పుడు ఆత్మహత్యలు కాస్త తగ్గిన జాడ ఆస్ట్రియా పరిశోధకులకు 2010లో కనిపించింది. అంటే సుఖాంతం రాయమని కాదు. అతను బతికాడు, అప్పు అలాగే ఉంది, వచ్చే నెల మళ్లీ భయపడ్డాడు, ఈసారి ఎవరికి చెప్పాలో తెలుసు. ఇది ఇంకా కష్టమైన కథ.

ఆస్పత్రి నుంచి వచ్చిన తొలి వారాల్లోనే ముప్పు ఎక్కువ, ఊరు మర్చిపోయేదీ అప్పుడే. చెన్నైతో కలిపి ఐదు నగరాల్లో, ప్రయత్నించి బతికిన 1,867 మందితో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. సగం మందికి ఓ గంటసేపు విషయం వివరించి, 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించారు. వాళ్లలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు వైద్యమే అందినవాళ్లలో 2.2 శాతం. పలకరింపుకు అంత బలముంది. నీ కథలో ఆశా కార్యకర్త రెండుసార్లు గడప దాకా వచ్చి వెళ్లిపోతుంది. ఆమెను లోపలికి పిలువు.

పోలీసు దృశ్యం కూడా పాతబడిపోయింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ ప్రయత్నాన్ని నేరమనే పాత 309 సెక్షనే లేదు. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసని రాసుకుంటారు, అది నేరం మోపడం కాదు. కేసవుతుందని జడిసి నాటువైద్యుడి దగ్గర గంటలు పోగొట్టే కుటుంబాలున్నాయి కాబట్టి, ఈ సంగతి ఏదో ఒక పాత్ర నోట పలికించు.

ఇంకొకటి. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కలో సాగు మీద బతికేవాళ్లు 11,290 మంది ప్రాణాలు తీసుకుంటే, అందులో రైతులు 5,207, కూలీలు 6,083. నీ ఊళ్లో కూలీలే కనబడలేదు నాకు.

శీర్షికలోంచి 'ఆత్మహత్య' అన్న పదం తీసెయ్యి. 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అంటే నేరం చేసినట్టుంటుంది, 'ప్రాణాలు తీసుకున్నాడు' చాలు. బతికితే 'విఫలయత్నం' అనకు. ఊరి వాళ్లు గుర్తుపట్టే వివరాలు మార్చు, ఆ ఇంట్లోవాళ్లూ చదువుతారు. పత్రికకు పంపేటప్పుడు సంపాదకుడికి విడిగా ఒక చీటీ పెట్టి, కథ కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 వేయమని అడుగు. 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. రాసే ముందు నువ్వే ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేసి, కథ కోసమని చెప్పి, ఏం అడుగుతారో విను. పెద్ద కూతురు ఫోన్ చేసే దృశ్యం అప్పుడు రాయి.