మేనల్లుడికి షేవింగ్ బ్రష్షు విషయమై ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొదటి జీతం చేతికి రాగానే డబ్బా నురగనూ ప్లాస్టిక్ రేజరునూ పక్కన పెట్టి, ఇకమీదట సబ్బూ బ్రష్షూ ఒంటి బ్లేడు రేజరుతోనే గడ్డం గీసుకోవాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, ఈ అలవాటు మన ఇంట్లో నాతోనే ఆగిపోదన్నమాట అని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. నువ్వు వందేళ్ళనాటి విదేశీ బ్రష్షు ఒకటి ఆన్‌లైన్‌లో బేరమాడుతున్నావని కూడా ఆవిడే చెప్పింది. ఉద్యోగమంతా ఆస్పత్రి ప్రయోగశాలలో సూక్ష్మక్రిముల మధ్య గడిపినవాడి చాదస్తం అనుకున్నా సరే, ముందు ఆ బేరం మానుకో.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అలవాటైన సరుకు రవాణా తెగిపోవడంతో, ఆసియా నుంచి వచ్చిన గుర్రపు వెంట్రుకలకు, బ్రష్షులకు పేరుపడ్డ బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకల రంగు అద్ది, సరిగా శుద్ధి చేయకుండానే బ్రష్షులు కట్టి అమ్మారు. వాటితో గడ్డం గీసుకున్న సైనికులకూ పౌరులకూ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఆంత్రాక్స్ అనే, పశువుల నుంచి మనుషులకు అంటే ప్రాణాంతకమైన జబ్బు సోకింది; కొందరు చనిపోయారు. బ్రిటన్ 1919లో ఆంత్రాక్స్ నివారణకు చట్టమే చేసి, మరుసటి ఏడాది జపాన్ బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. ఆ జబ్బు తెచ్చే క్రిమి గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే సిద్ధబీజాలుగా మారితే దశాబ్దాల తరబడి చావదు. ఇప్పుడు అలాంటి బ్రష్షు వల్ల జబ్బు వచ్చే అవకాశం బహు తక్కువేనని నాకూ తెలుసు. అయినా రోజూ కత్తి తగిలే చర్మం మీద, పుట్టుపూర్వోత్తరాలు తెలియని వెంట్రుకలను రుద్దుకోవలసిన అగత్యం నీకేమొచ్చింది?

ఇక కొత్త బ్రష్షు సంగతి. దుకాణంలోవాడు మెత్తదనం చూడమంటాడు, పిడి మెరుపు చూడమంటాడు. నువ్వు చూడవలసింది మాత్రం, విశాఖ గాలిలో అది మర్నాటి పొద్దుటికల్లా ఆరుతుందా లేదా అన్నది. బ్యాడ్జర్ వెంట్రుక కొస సన్నగా ఉండి చెంపకు హాయిగా తగులుతుంది, నీళ్ళు బాగా పట్టి ఉంచుతుంది. పట్టి ఉంచేది కనుకనే త్వరగా వదలదు. పైగా దాని రకాలకు పెట్టే పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలమానమేదీ లేదు. ఒకడి ‘బెస్ట్’ ఇంకొకడి ‘సూపర్’ కావచ్చు. పంది వెంట్రుకల బ్రష్షు చవక, మొండిది. వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడుతుంది గాని, వాడేముందు కాసేపు నీళ్ళలో నానాలి. గుర్రపు వెంట్రుకది ఈ రెంటికీ నడిమిది. సింథటిక్ అంటే ఒకప్పటి నైలాన్ చీపురును తలచుకుని నేనూ మొహం చిట్లించేవాణ్ణే, కాని ఇప్పుడు వస్తున్న సన్నని పోగులు వేరు. ఆ పోగు నీటిని తనలోకి పీల్చుకోదు కనుక నాలుగుసార్లు విదిలిస్తే చాలావరకు వదిలేస్తుంది. నా ఓటు దానికే.

ఆరడం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మీ తాతగారి కథ నీకు సరిగా తెలియదు. మీ అమ్మ పెళ్ళి ఫొటోలలో ఆయనకు మాసిన గడ్డం ఉంటుంది చూడు, అది సింహాద్రి అప్పన్న మొక్కు అని నువ్వు చిన్నప్పటి నుంచీ విన్నావు. మొక్కూ లేదు, పాడూ లేదు. ఆయనకు వస్తువులను జాగ్రత్త చేయడం పిచ్చి. బొద్దింకలు కొరుకుతాయని తన పంది వెంట్రుకల బ్రష్షును గడ్డం గీసుకున్న వెంటనే, తడి తడిగానే గుడ్డలో చుట్టి బిస్కట్ల డబ్బాలో మూత బిగించేవారు. వేసవిలో ఎలాగో గడిచిపోయింది. ఆషాఢంలో ముసురు పట్టాక గవద కింద చీముగుల్లలు లేచాయి. బ్లేడు మంచిది కాదని మార్చారు. సబ్బు పడలేదని మార్చారు. పటిక రుద్దారు, మంటకు చిందులు వేశారు. బ్రష్షును మాత్రం అనుమానించలేదు, అంత భద్రంగా దాచుకున్నది కదా! అప్పుడే ప్రయోగశాల పని నేర్చుకుంటున్న నేను ఒకనాడు ఆ డబ్బా మూత తీస్తే తడి గోనెసంచి వాసన గుప్పున కొట్టింది. వెంట్రుకలను వేళ్ళతో విడదీసి చూస్తే, వాటిని పిడికి అంటించిన జిగురు దగ్గర పాత సబ్బు పాచిలా పేరుకుని, దాని మధ్య నల్లని బూజు చుక్కలు. పుళ్ళు మానేదాకా కత్తి తగలకూడదని డాక్టరు చెప్పాడు. శ్రావణంలో ముహూర్తం! పెళ్ళివారు అడిగితే ఏం చెప్పాలో తోచక మీ అమ్మమ్మ అప్పన్న మొక్కు అనేసింది. ఆ తరువాత దేవుడి పేరు వాడుకున్నామన్న భయం ఆవిడనే పట్టుకుని, ఆయనను సింహాచలం తీసుకువెళ్ళి తలనీలాలు ఇప్పించేదాకా ఊరుకోలేదు.

కాబట్టి బ్రష్షు వెంట్రుకల కుచ్చు అడ్డకొలత అడుగున 22 నుంచి 24 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా లావుది చూడడానికి దర్జాగా ఉన్నా లోపల తడి నిలుస్తుంది, నురగ ముక్కులోకి పోతుంది. కొనేముందు బొటనవేలితో కుచ్చును పక్కకు వంచి, మొదలు దాకా గాలి ఆడేలా ఉందో లేదో చూడు. కొయ్యపిడి వద్దు, సముద్రపు చెమ్మకు ఉబ్బి బీటలు వారుతుంది. మొదటి వారం నాలుగు వెంట్రుకలు రాలితే కంగారుపడకు. నెల దాటినా రాలుతూనే ఉంటే అది జిగురు లోపం. మరుగుతున్న నీళ్ళు పోసి ఆ జిగురును నువ్వే పాడుచేయకు, గోరువెచ్చనివి చాలు.

మీ మధురవాడ గదిలో వచ్చేది బోరు నీరైతే నురగ సరిగా రాదు. తప్పు బ్రష్షుది కాదు, నీటిలోని సున్నానిది. ఆ సున్నమూ సబ్బూ కలిసి తెల్లగా కుచ్చులో పేరుకుంటాయి కనుక, అప్పుడప్పుడు పది పాళ్ళ నీటికి ఒక పాలు వెనిగర్ కలిపి కొద్ది నిమిషాలు ముంచి బాగా కడుగు. వాడిన ప్రతిసారీ నురగంతా పోయేదాకా కడిగి, విదిలించి, కిటికీ దగ్గర గాలికి పెట్టు. స్నానాల గదిలో వద్దు, డబ్బాలో అసలే వద్దు.

ఒక్క సంగతి మరచిపోయాను. నీతో గదిలో ఉండే కుర్రవాడు ఒక్కపూటకు అని బ్రష్షు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. వాడెంత ప్రాణస్నేహితుడైనా ఇవ్వకు, రేజరూ ఇవ్వకు. మొహమాటంగా ఉంటే మా మావయ్య ఒప్పుకోడని నా మీద పెట్టేయి.

ఇట్లు,
నీ మావయ్య