బిల్లు కొట్టే మనిషి పక్కన ఒక పూట కూర్చో

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రీన్లు చూశాను. అందంగా ఉన్నాయి, ఏదైనా హోటల్ వెబ్‌సైట్‌కైతే వెంటనే సరే అనేవాణ్ణి. కానీ నువ్వు చేస్తున్నది ఎరువుల గోడౌన్‌లో బిల్లింగ్‌కి. పైన అంత పెద్ద బ్యానర్, పేజీకి నాలుగే బాక్సులు, మెల్లగా తేలుతూ వచ్చే మెనూ... ఇవన్నీ అక్కడ కూర్చుని బిల్లులు కొట్టే ఆవిడకి రోజూ అడ్డమే.

వెబ్‌సైట్‌కి వచ్చేవాడు ఫోన్లో ఒకసారి చూస్తాడు, నచ్చకపోతే పోతాడు, కాబట్టి వాణ్ణి ఆకట్టుకోవాలి. గోడౌన్‌లో ఆవిడకి అలా వదిలేసి పోవడానికి లేదు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం దాకా అదే స్క్రీన్. నెల తిరిగేసరికి కళ్లు కాగితం మీదే ఉంటాయి, వేళ్లు వాటంతట అవే పోతుంటాయి. ఆ వేళ్ల కోసం డిజైన్ చెయ్యి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక హోల్‌సేల్ షాపుకి ఇలాంటిదే చేశాను. అక్కడి ఆపరేటర్ అంతకుముందంతా ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసిన మనిషి. ట్యాలీలో ఎఫ్5 అంటే పేమెంట్ వోచర్, అంటే ఇచ్చిన డబ్బు రాసుకునే పేజీ, బ్రౌజర్లో అదే కీ కొడితే పేజీ రిఫ్రెష్ అవుతుంది. పద్దెనిమిది ఐటమ్‌లు ఎక్కించాక లారీ కిరాయి రాద్దామని చేతి అలవాటుగా ఎఫ్5 నొక్కింది, అంతా పోయింది. ఒక్క మాట అనలేదు, ఇన్‌వాయిస్ కాగితం మళ్లీ పైనుంచి పట్టుకుని మొదటి ఐటమ్ కొట్టడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రే కూర్చుని ఎఫ్5ని ఆపేశాను, ప్రతి లైనూ కొట్టగానే సేవ్ అయ్యేలా మార్చాను.

ఎంటర్ కీ కూడా అంతే. నువ్వు ఎంటర్ కొడితే ఫారం సబ్మిట్ అయ్యేలా పెట్టావు, వాళ్ల చేతికి ఎంటర్ అంటే తర్వాతి గడికి పోవడం. వాళ్ల అలవాటే ఉంచు. మౌస్ ముట్టుకోకుండా బిల్లు మొదలై బిల్లు అయిపోవాలి, ఇదొక్కటి మాత్రం పట్టుబట్టి చెయ్యి.

తెలిసినదాన్ని మళ్లీ అడగొద్దు. జీఎస్టీ నంబర్లో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండూ రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36, ఆంధ్ర 37), ఆ తర్వాతి పది పాన్. నంబర్ కొట్టాక కూడా నీ ఫారం రాష్ట్రం, పాన్ వేరేగా అడుగుతోంది. రోజుకి ఎన్ని బిల్లులో లెక్క వేసుకో.

ఖాళీ జాగా తగ్గించు, ఇరవై లైన్ల బిల్లు స్క్రోల్ చెయ్యకుండా కనపడాలి. 'ఏదో తప్పు జరిగింది' అనే మెసేజ్ తీసేసి, ఏడో లైన్లో రేటు లేదు అని సూటిగా చెప్పు. పాత బిల్లులో రేటు మారిస్తే ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదు కావాలి, లేకపోతే లెక్క తేడా వచ్చిన రోజు మాట పడేది ఆవిడే. ఓనరుగారికి గ్రాఫులు నచ్చుతాయి, చివర్లో చేసిపెట్టు, తొందరేం లేదు.

ఈ వారం సరుకు దిగే రోజు చూసుకుని వెళ్లు. ల్యాప్‌టాప్ వద్దు, ఒక నోట్‌బుక్ చాలు. మానిటర్ అంచుకి ఆవిడ చీటీలు అంటించుకుని ఉంటుంది, కోడ్‌లు, రేట్లు లాంటివి ఏవో. అడిగి వాటి ఫోటోలు తీసి నాకు పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని ఒక్కో చీటీ చూద్దాం.

మీ అన్న