ఏడు వారాల కాకటీల్ (చిన్న చిలుక జాతి) పిల్ల గింజలు ముట్టట్లేదు, ఫార్ములా (పిల్ల పక్షికి చేత్తో తినిపించే జావ) ఆపేయమని షాపతను అంటున్నాడు. ఆపాలా?

ఆపకండి. "ఆకలేస్తే అదే తింటుంది" అని షాపతను చెప్పిన మాట పిల్ల పక్షి విషయంలో పనికిరాదండి. గింజ పొట్టు వలవడం అది నేర్చుకోవాల్సిన పని. కడుపు మాడుతుంటే పిల్ల పళ్లెం వైపు చూడదు, మీకోసం అరుస్తూ కూర్చుంటుంది. కాస్త ఫార్ములా పడితే హుషారుగా తిరుగుతూ దొరికిందల్లా కొరుకుతుంది. ఇక్కడ చెన్నైలో నేను పెంచిన కాకటీల్స్ అన్నీ ఆ ఆటలోనే తిండి నేర్చుకున్నాయి.

సాధారణంగా ఇవి ఏడు నుంచి పది వారాల మధ్య ఫార్ములా మానతాయి, కొన్ని ఇంకాస్త ఆలస్యం చేస్తాయి. మీ పిల్ల ఏమీ వెనకబడలేదు, టెన్షన్ పడకండి.

లోతు గిన్నె వద్దు, వెడల్పాటి పళ్లెంలో కొర్రలు పలచగా చల్లండి. మన చెన్నై కొట్లలో తినై అని అడిగితే ఇస్తారు. కొర్ర కంకి దొరికితే ఇంకా మంచిది. పక్కనే కూర్చుని వేలితో గింజలు కదపండి. పిల్ల మీ వేలి దగ్గరికొచ్చి ఒక గింజ నోట్లో వేసుకుంటుంది, నాలుకతో అటూ ఇటూ తిప్పుతుంది, వదిలేస్తుంది. మళ్లీ ఇంకోటి తీసుకుంటుంది. చాలా రోజులు ఇంతే. పళ్లెంలో ఖాళీ పొట్టు కనిపించిందంటే నిజంగా తినడం మొదలైనట్టు. మొలకెత్తిన పెసలు, ఉడికించిన మొక్కజొన్న, క్యారెట్ తురుము కూడా పెట్టండి, కానీ ఈ ఉక్కలో రెండు గంటలకు మించి ఉంచకండి, పులిసిపోతాయి. అవకాడో, చాక్లెట్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు.

అది తినడం పెరిగేకొద్దీ ముందు మధ్యాహ్నం ఫార్ములా తగ్గించండి, తర్వాత పొద్దుటిది. రాత్రిది అన్నిటికన్నా చివర. ఫార్ములా 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, థర్మామీటర్‌తో చూడండి. చల్లారితే పిల్ల మొహం తిప్పుకుంటుంది, దాన్ని చూసి మానేసిందనుకోవద్దు. మరీ వేడైతే మెడ కింద తిండి సంచి, అదే క్రాప్, లోపల కాలిపోతుంది.

రోజూ పొద్దున్నే, ఏమీ పెట్టకముందు, గ్రాముల్లో చూపించే డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి. నాకైతే అన్నిటికన్నా ఈ కాటా మీదే నమ్మకం. గింజలు పొడుస్తోంది కదా అని మనం మురిసిపోతాం, కడుపులోకి ఎంత వెళ్లిందో కాటాయే చెబుతుంది. ఈ దశలో బరువు కొంచెం తగ్గడం మామూలే. పదో వంతు దాకా తగ్గితే ఒక పూట ఫార్ములా మళ్లీ పెంచండి. పడుకునే ముందు క్రాప్ నెమ్మదిగా తాకి చూడండి, ఖాళీగా ఉంటే ఆ రాత్రి తినిపించాల్సిందే.

రాత్రి పెట్టింది తెల్లారినా క్రాప్‌లోనే ఉండిపోయినా, కక్కుతున్నా ఇంటి చిట్కాలు వద్దు. పక్షుల్ని చూసే డాక్టర్ తెలియకపోతే వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఆ పొద్దునే తీసుకెళ్లండి.