ఫ్లూకి యాంటీవైరల్, హోమియో మాత్రలు కలిపి వేసుకోవచ్చా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

డాక్టర్ ఫ్లూ అని తేల్చి ఒసెల్టామివిర్ అనే యాంటీవైరల్ (వైరస్‌ని అడ్డుకునే మందు) రాశారు, మీ అత్తగారేమో హోమియో మాత్రలు తెచ్చిపెట్టారు, రెండూ ఒకేసారి పడతాయా అని కదా మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదు. కానీ ఇదే గొడవ మా ఇంట్లో ఒకసారి నడిచింది. మామూలు హోమియో చక్కెర గోళీలైతే కలిపి వేసుకున్నందుకు ప్రమాదం ఉండదు. వాటి కోసం డాక్టర్ రాసిన మందు ఆపి కూర్చుంటేనే ప్రమాదం. మేం చేసిన పొరపాటు సరిగ్గా అదే.

మా అమ్మకి అప్పటికి అరవై ఎనిమిదేళ్లు, ఆస్తమా కూడా ఉంది. జ్వరం వచ్చిన రోజు సాయంత్రమే డాక్టర్ చూసి 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఐదు రోజులు వాడమన్నారు. ఇంటికొచ్చేసరికి మా పెద్దమ్మ తన హోమియో పెట్టె తెరిచి కూర్చుంది. "ఇంగ్లీషు మందు పడితే ఇది పనిచెయ్యదే. రెండ్రోజులు ఓపిక పట్టు" అంది. అక్క మాట అమ్మ ఎప్పుడు కాదంది గనక! పది క్యాప్సూల్స్ ఉన్న స్ట్రిప్ ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోయింది. రెండో రోజు దగ్గు ఎక్కువైతే పెద్దమ్మ భయపడలేదు సరికదా, "రోగం ముందు పైకి తన్నుతుంది, మందు పట్టిందన్నమాట" అంది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది ఆ మాటకే. తగ్గితే మందు గొప్ప, పెరిగినా మందు గొప్పే అనుకుంటే, మనిషికి నిజంగా ఎప్పుడు బాగోలేదో తెలిసేదెలా?

మూడో రోజు జ్వరం 103 దాటింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది, "మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఈ మందు వైరస్ ఒక కణం నుంచి బయటపడి ఇంకో కణానికి పాకకుండా అడ్డుకుంటుంది. అందుకే లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనికొస్తుంది. ఆలస్యమైనా పెద్దవాళ్లకి, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి డాక్టర్లు ఇస్తూనే ఉంటారు. అమ్మకీ అలాగే మొదలుపెట్టించారు.

ఇంకో తమాషా జరిగింది. మొదటి క్యాప్సూల్ అమ్మ ఖాళీ కడుపుతో వేసుకుని అరగంటలో వాంతి చేసుకుంది. "చూశావా, రెండూ పడలేదు" అని పెద్దమ్మ. తర్వాత డాక్టర్‌ని అడిగితే తెలిసింది, వికారం, వాంతులు ఈ మందుకి మామూలుగా ఉండేవేనట. మర్నాటి నుంచి ఏదో ఒకటి తిన్నాక వేసుకుంటే సర్దుకుంది. కలిపి వాడితే వచ్చే అసలు తలనొప్పి ఇదే, ఏది దేనివల్ల వచ్చిందో తెలియక తప్పు ఇంకోదాని మీద పడుతుంది. అమ్మ కోలుకుంది, దగ్గు మాత్రం మూడు వారాలు వదల్లేదు. వెంటనే వేసుకుని ఉంటే తప్పకుండా తొందరగా తగ్గేదని నేననను. ఈ మందు కూడా మహత్తేం కాదు, మొత్తం మీద జబ్బుని ఒక రోజు దాకా తగ్గిస్తుంది, అంతే.

గోళీల మాటకొస్తే, సీసా మీద రాసే పొటెన్సీ మందుని ఎంత పలచన చేశారో చెబుతుంది. 30సీ పొటెన్సీ అంటే అసలు పదార్థాన్ని ఒకటి పక్కన అరవై సున్నాలంత పలచన చేసినట్టు. 12సీ దాటితేనే అందులో ఒక్క అణువు మిగిలే అవకాశం కూడా దాదాపు ఉండదు. కాబట్టి యాంటీవైరల్‌తో తగాదా పడటానికి అక్కడ ఏమీ లేదు, ఫ్లూని తగ్గించడానికీ లేదు. ఫ్లూకి బాగా పేరున్న ఆసిలోకోక్సినమ్ బాతు కాలేయం, గుండెతో చేసి, అంతకంటే ఎక్కువ పలచన చేసింది. అది పనిచేస్తుందనడానికి సరిపడా గట్టి ఆధారం వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 సమీక్షలో కూడా దొరకలేదు.

అయితే హోమియో అని రాసి ఉన్నవన్నీ గోళీలు కావు. మదర్ టింక్చర్లు (పలచన చెయ్యని మూల ద్రావణాలు), 1ఎక్స్, 3ఎక్స్ లాంటి తక్కువ పొటెన్సీలలో, అంటే కొద్దిగానే పలచన చేసినవాటిలో, నిజంగానే మందు ఉంటుంది, చుక్కల మందుల్లో ఆల్కహాల్ కూడా. ఫ్లూకి తరచూ ఇచ్చే జెల్సీమియం అసలు మొక్క విషం. 2009లో హోమియో పేరుతో అమ్మిన ఒక జింక్ ముక్కు జెల్ వల్ల వాసన తెలియకుండా పోతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. సీసా మీద పొటెన్సీ చూడండి. గోళీలు కాకపోయినా, పొటెన్సీ తక్కువగా ఉన్నా డాక్టర్‌కి ఫొటో పంపి అడగండి.

మీ అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. గోళీలు చప్పరిస్తే చప్పరించండి, క్యాప్సూల్ మాత్రం ఇవాళే మొదలుపెట్టి ఐదు రోజులూ పూర్తి చేయండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, లేదా తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం కనిపిస్తే రోగం పైకి తన్నుతోందని ఎవరన్నా వినకుండా ఆసుపత్రికి వెళ్లండి. కిడ్నీ సమస్య ఉంటే ఒసెల్టామివిర్ డోసు తగ్గించాలి, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పారో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.